చర్మం సంగతి చెబుతాను, మనసు సంగతి దాస్తాను: డాక్టరుకు చెప్పాలా, వద్దా?

తెల్లవారుజాము | సోమవారం, రాత్రి 2.40

నాకు ముప్పై నాలుగేళ్లు. మెడ చుట్టూ, మోచేతుల మడతల్లో, కనురెప్పల మీద వచ్చే అలర్జీతో పదకొండేళ్లుగా వేగుతున్నాను. వైద్యులు దీనిని ఎటోపిక్ డెర్మటైటిస్ అంటున్నారు. మందుల మీద ఈ చర్చావేదికలో ఇదివరకే చాలా చర్చలు జరిగాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను అడగదలచుకున్నది వేరు.

ఆరు నెలలుగా నిద్ర సరిగా లేదు. దురద వల్ల మెలకువ వచ్చేది కొంతైతే, మళ్లీ మెలకువ వస్తుందేమోనన్న బెంగతో కునుకు పట్టనిది మరికొంత. పొద్దున లేవగానే దుప్పటి మీద రాలిన పొలుసులను ఎవరూ చూడకముందే అరచేత్తో ఒక పక్కకు చేర్చి ఎత్తి పారేస్తాను. ఈ పని ఎంతగా అలవాటైందంటే, మొన్న బంధువుల ఇంట్లో పడుకుని లేచినప్పుడు పక్క శుభ్రంగానే ఉన్నా చెయ్యి దానంతట అదే దుప్పటి మీద తిరిగింది. ఆ క్షణంలో నా మీద నాకే జాలి వేసింది. ఈ మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు కారణం లేకుండా ఏడుపు కూడా వస్తోంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక వైద్యుడితో ఇలాంటిదే చెప్పుకుంటే, "టెన్షన్ తగ్గించుకోండి, అదే తగ్గిపోతుంది" అని మందుల చీటీ చేతికిచ్చి పంపేశారు. అప్పటి నుంచి ఏ వైద్యుడి దగ్గరా మనసు సంగతి ఎత్తలేదు. వచ్చే గురువారం కొత్త వైద్యురాలిని కలవబోతున్నాను. చెబితే "అదిగో, మూలం అక్కడే ఉంది" అంటారేమోనన్న భయం ఒక పక్క, చెప్పకపోతే సగం జబ్బును ఇంట్లో వదిలిపెట్టి వెళ్లినట్లవుతుందన్న బాధ మరో పక్క. మీరైతే ఏం చేస్తారు?

చేతితొడుగు | సోమవారం, ఉదయం 6.15

నేను నర్సును. రెండు చేతులకూ అలర్జీ. వేళ్ల సందుల్లో పగుళ్లు, మణికట్టు దాకా ఎరుపు. చెప్పాలనే నా అభిప్రాయం, అయితే కారణం వివరించడానికి ఒక చిన్న సంఘటన చెప్పాలి.

మూడేళ్ల కిందట ఒక దుకాణంలో డబ్బు ఇచ్చి చెయ్యి చాచాను. అక్కడున్న వ్యక్తి చిల్లరను నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి వేలితో నా వైపు జరిపారు. జరిగింది అంతే. ఆయన అందరికీ అలాగే ఇస్తారేమో, నా చేతిని చూడనే లేదేమో, నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను తినేసింది. నా వెనక నిలబడిన మనిషికి చిల్లర ఎలా ఇస్తారో చూద్దామని బయట కాసేపు ఆగాను కూడా. ఆ మనిషి సరిపడా డబ్బు ఇచ్చి వెళ్లిపోవడంతో నా పరీక్ష తేలలేదు. ఆ రోజంతా ఆ వేలే కళ్ల ముందు మెదిలింది.

ఎవరైనా ముఖం మీదే "ఇది అంటుకుంటుందా?" అని అడిగితే "అంటుకోదు" అని చెప్పి ఊరుకోవచ్చు. అడగకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నవారికి ఏమని చెబుతాం? చర్మం ఎంత మంటగా ఉన్నా మందు రాస్తే కొంత నెమ్మదిస్తుంది. ఎదుటివారి చూపును రోజంతా చదువుతూ, చదివిన దానికి అర్థాలు వెతుక్కుంటూ ఉండే ఈ కాపలా మాత్రం నిద్రలో తప్ప దిగదు. మీకు ఆ నిద్ర కూడా లేదు. ఇది చెప్పకపోతే మీ జబ్బు ఎంత పెద్దదో ఆ వైద్యురాలికి ఎలా తెలుస్తుంది?

అనుమానం | సోమవారం, ఉదయం 9.05

అందరూ కోప్పడతారని తెలిసినా అడుగుతున్నాను. ఒత్తిడి ఎక్కువైనప్పుడు నా దురద ఎక్కువవుతుంది. పరీక్షల సమయంలో, ఉద్యోగం మారినప్పుడు ప్రతిసారీ ఇదే జరిగింది. అలాంటప్పుడు "టెన్షన్ తగ్గించుకోండి" అన్న వైద్యుడు తప్పేమి చెప్పినట్లు? అది మనసు వల్ల కాదని అంత గట్టిగా పట్టుబట్టడం కూడా ఒక రకమైన భయమే కదా?

మందుల పెట్టె | సోమవారం, మధ్యాహ్నం 1.30

నేను ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం బోధిస్తాను, వైద్యుడిని కాను. "అనుమానం" గారి ప్రశ్న న్యాయమైనదే, అయితే అందులో మూడు వేర్వేరు మాటలు కలిసిపోయాయి. జబ్బును పుట్టించేది ఒకటి, పుట్టిన జబ్బును ఎగదోసేది ఒకటి, జబ్బు వల్ల కలిగేది ఇంకొకటి. ఒత్తిడి రెండోది, దిగులు ఎక్కువగా మూడోది. రెండింటినీ తీసుకెళ్లి మొదటి దాని స్థానంలో కూర్చోబెట్టడం వల్లనే ఇన్ని ఇళ్లలో ఇంత రోషం.

ఈ పొరపాటు నిన్న మొన్నటిది కాదు. 1891లో బ్రోక్, జాకే అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఇలాంటి చర్మ బాధలకు న్యూరోడెర్మటైటిస్ అని, అంటే నరాల వల్ల వచ్చే చర్మపు వాపు అని పేరు పెట్టారు. ఎటోపిక్ డెర్మటైటిస్ అన్న పేరు 1933లో వచ్చింది, కానీ జర్మనీలో నేటికీ సామాన్యులు పాత పేరే వాడతారు. 2006లో ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారీకి సంబంధించిన జన్యువులో లోపాలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని తేలింది. ఆ ప్రొటీన్ తక్కువైతే చర్మపు పైపొర గోడలా నిలబడలేదు. లోపలి తేమ బయటికి పోతుంది, బయటివి లోపలికి చొరబడతాయి. అందరు రోగులలోనూ ఈ లోపం ఉండదు, కానీ గోడలో పగులు ఉందన్న మాట మాత్రం గట్టిపడింది. టెన్షన్ తగ్గించుకున్నంత మాత్రాన జన్యువు మారదు. అలాగని ఒత్తిడికి పాత్ర లేదనడం కూడా తప్పే. మనసు నలిగినప్పుడు ఆ గోడ మరమ్మతు నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో చూశారు.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. పక్క ఎక్కాక చర్మపు వేడి పెరుగుతుంది, చర్మం నుంచి తేమ ఎక్కువగా పోతుంది, వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రి తొలి భాగంలో బాగా తక్కువగా ఉంటుంది, పైగా దృష్టి మళ్లించే పని ఏదీ ఉండదు. కాబట్టి రాత్రి 2.40కి మీరు ఇక్కడ రాస్తూ కూర్చోవడం మీ బలహీనత కాదు.

ఇక దిగులు. 13 ఐరోపా దేశాల్లో చర్మ వైద్యశాలలకు వచ్చిన రోగులను ఆరోగ్యవంతులతో పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. కుంగుబాటు రోగుల్లో 10.1 శాతం మందికి ఉంటే, మిగతావారిలో 4.3 శాతం మందికి ఉంది, ఆందోళన 17.2 శాతానికి 11.1 శాతం. అందులో అలర్జీలే కాక ఇతర చర్మ వ్యాధులూ ఉన్నాయని గమనించాలి. అయినా ఇంతమందిలో కనిపించే విషయాన్ని రోగి నోట వింటే ఏ చర్మ వైద్యురాలికీ కొత్తగా అనిపించదు.

ఒక హెచ్చరిక. వాడే మందుల జాబితా మొత్తం తీసుకువెళ్లండి. దురదకు ఇచ్చే పాత తరం మాత్రలు మర్నాటి మధ్యాహ్నం దాకా తలను మొద్దుబారుస్తాయి; నోటి ద్వారా తీసుకునే స్టెరాయిడ్లు నిద్రనూ మనఃస్థితినీ కదిలిస్తాయి; అలర్జీలకు కొందరికి రాసే మాంటెలుకాస్ట్ మీద మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అంతమాత్రాన ఏదీ మీ అంతట మీరు మానేయకండి, అడగండి.

పాపాయి అమ్మ | సోమవారం, రాత్రి 10.50

మా పాపకు ఏడేళ్లు, జబ్బు పుట్టిన నాలుగో నెల నుంచీ ఉంది. మనసు అనగానే అందరూ రోగి మనసు గురించే మాట్లాడతారు కాబట్టి ఇంట్లో మిగతావారి సంగతి కూడా రాయాలనిపించింది.

ఒక సాయంత్రం కాగితం పెట్టుకుని, "గోకకు" అని పాపతో అన్న ప్రతిసారీ ఒక గీత గీశాను. నాలుగున్నర నుంచి నిద్రపోయే వరకు నలభై మూడు గీతలు వచ్చాయి. "తిన్నావా", "బడిలో ఏం జరిగింది" అన్న మాటలన్నీ కలిపినా అందులో సగం లేవు. పాప గోకడం మానలేదు. స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని గోక్కోవడం నేర్చుకుంది. అంటే నేను నేర్పింది దాచుకోవడం. "తెల్లవారుజాము" గారు దుప్పటి మీద పొలుసులు ఏరుకోవడం గురించి రాసినది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల తరవాత మా పాప రాసే వాక్యం అదే అవుతుంది.

ఆ తరవాత ఒక మనస్తత్వ నిపుణురాలు మాకు వేరే పద్ధతి చెప్పారు. అజ్రిన్, నన్ అనే ఇద్దరు 1973లో నరాల ఈడ్పులకూ పాడు అలవాట్లకూ రూపొందించిన అలవాటు మార్పిడి చికిత్సను దురదకు కూడా వాడతారట. గోకవద్దని అనకూడదు. చెయ్యి లేచిందని గమనించడం నేర్పాలి, లేచిన చేతికి వేరే పని ఇవ్వాలి. పాప పిడికిలి బిగించి ముప్పై దాకా లెక్కపెడుతుంది, ఇంకా దురద ఉంటే ఆ చోట గోరు అదిమి పెడుతుంది తప్ప గీరదు. ప్రతిసారీ పని చేస్తుందని చెప్పను. కానీ తలుపు వేసుకోవడం మాత్రం తగ్గింది.

నా గురించి ఒక్క మాట. పాలిచ్చే రోజుల్లో నేను తిన్నదేదో, వాడిన సబ్బేదో, నా వంశంలోని లోపమేదో పాపకు ఈ బాధ తెచ్చిపెట్టిందన్న ఆలోచన ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. శాస్త్రం చదివినా వదల్లేదు.

వచ్చిపోయేవి | మంగళవారం, ఉదయం 8.20

నాది దద్దుర్ల రకం. ఆరు వారాలు దాటితే దీర్ఘకాలికం అంటారు, నాకు నాలుగేళ్లు దాటింది. ఈ దద్దుల్లో ఒక్కొక్కటీ సాధారణంగా ఇరవై నాలుగు గంటల్లోపు మచ్చ కూడా మిగల్చకుండా మాయమవుతుంది, ఇంకోచోట ఇంకొకటి లేస్తుంది. రాత్రంతా పెదవి ఉబ్బి, వీపంతా తట్లు తేలి, పొద్దున వైద్యుడి ముందు కూర్చునేసరికి ఒళ్లు అద్దంలా ఉంటుంది. "ఎక్కడ ఉన్నాయి?" అని అడిగినప్పుడు చొక్కా ఎత్తి చూపించడానికి ఏమీ లేని అవమానం అనుభవించినవారికే తెలుస్తుంది. ఫొటోలు తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాక నన్ను నమ్మారు. నిజం చెప్పాలంటే, నన్ను నేను నమ్మడానికి కూడా ఆ ఫొటోలే అక్కరకు వచ్చాయి.

ఏది ఒంటికి పడటం లేదో కనిపెట్టాలని పద్నాలుగు నెలలు నోటు పుస్తకం రాశాను. తిన్నది, తాగినది, తొడుక్కున్నది, ఎవరితో గొడవపడ్డది కూడా రాశాను. ఒక్కొక్కటే మానేస్తూ పోతే చివరికి నలుగురితో కూర్చుని భోజనం చేయడమే మానేయవలసి వచ్చింది. ఆ తరవాత ఒక నిపుణురాలు ఆ పుస్తకం తిరగేసి, నా రకం దద్దుర్లకు ఎక్కువ మందిలో బయటి కారణం దొరకదని, రోగనిరోధక వ్యవస్థే చర్మంలోని మాస్ట్ కణాలను రెచ్చగొట్టి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని వదిలించడమే చాలామందిలో జరుగుతుందని, పుస్తకం మూసేయవచ్చని చెప్పారు. బరువు దిగినట్లూ అనిపించింది, దిక్కు లేనట్లూ అనిపించింది. వెతకడంలో ఉన్నంతకాలం రేపు దొరుకుతుందన్న ఆశ ఉండేది.

చేతితొడుగు | మంగళవారం, మధ్యాహ్నం 12.10

మీ మాట మీకు సరిపోతుంది గానీ, చదివేవారందరూ పుస్తకాలు మూసేయకూడదు. నా విషయంలో వెతుకులాటే గట్టెక్కించింది. వీపు మీద రకరకాల పదార్థాలు అతికించి, రెండు రోజుల తరవాత తీసి చూసి, మళ్లీ నాలుగో రోజున చూశారు. రబ్బరు చేతితొడుగుల తయారీలో కలిపే రసాయనాలు పడవని తేలింది. తొడుగులు మార్చాక ముప్పాతిక వంతు తగ్గింది. తగిలితే వచ్చే అలర్జీకి దొంగ ఉంటాడు, మీ దద్దుర్లకు చాలాసార్లు ఉండడు. ఏది ఏ రకమో తేల్చకుండా "కారణం వెతుక్కో" అని ఒకరు, "వెతకడం మానుకో" అని ఒకరు చెబుతుంటే మనసు చితికిపోదా మరి.

అనుమానం | మంగళవారం, సాయంత్రం 5.40

"మందుల పెట్టె" గారి మూడు మాటల విభజన నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అంటే నాకు దడ. రాసిచ్చిన ట్యూబు ఏడాదిగా మూత తీయకుండా అలమరలో ఉంది. రాస్తే భయం, రాయకపోతే దురద, రెండూ కలిసి ఇంట్లోవారి మీద విసుగు.

మందుల పెట్టె | మంగళవారం, సాయంత్రం 6.25

భయానికి ఆధారం లేకపోలేదు. గట్టి రకాలను ముఖం మీద నెలల తరబడి ఎవరినీ అడగకుండా రాసుకుంటే చర్మం పలచబడుతుంది, ఆపినప్పుడు తిరగబెడుతుంది. కానీ వేలి కొసన ఒక కణుపు పొడవునా పిండితే వచ్చేది సుమారు అర గ్రాము, అది వేళ్లతో సహా పెద్దవారి అరచేతులు రెండింటంత మేరకు సరిపోతుంది. ఎక్కడ, ఎన్ని రోజులు, ఏ బలం అన్న మూడూ రాయించుకుని వస్తే భయానికి కొలత దొరుకుతుంది. మూత తీయని ట్యూబు గురించి కూడా వైద్యుడికి చెప్పండి. లేకపోతే మందు పని చేయలేదనుకుని ఇంకా గట్టిది రాస్తారు.

పక్కదిండు | మంగళవారం, రాత్రి 11.35

జబ్బు నాది కాదు, నా భార్యది. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు.

చీకట్లో గోకుతున్న చప్పుడు ఎలా ఉంటుందో తెలియనివారికి చెప్పడం కష్టం. మొదట దుప్పటి కింద మెల్లగా, నాకు వినపడకూడదన్నంత జాగ్రత్తగా మొదలవుతుంది, తరవాత ఆ జాగ్రత్త పోతుంది. నేను మేలుకునే ఉన్నానని ఆమెకు తెలియకూడదని కదలకుండా పడుకుంటాను. ఆమె గోకడం నాకు తెలియకూడదని ఆమె ప్రయత్నం. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఒకే పక్క మీద ఇద్దరం ఇలా నటిస్తూ ఎన్ని రాత్రులు గడిపామో లెక్క లేదు. కొన్నిసార్లు విసుగు ముంచుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపేవాడిని. ప్రేమతోనే ఆపానని అనుకున్నాను గానీ, ఆ పట్టులో కోపం ఉండేదని తరవాత ఆమే చెప్పింది. మర్నాడు ఆ కోపానికి సిగ్గుపడేవాడిని.

మందు రాసుకున్న రాత్రులు ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఆయింట్‌మెంట్ జిడ్డు నాకు అంటుతుందని చెబుతుంది. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

"తెల్లవారుజాము" గారూ, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే గురువారం వెంట తీసుకువెళ్లండి. రాత్రులు ఎలా ఉంటున్నాయని వైద్యుడు అడిగినప్పుడు నా భార్య "ఫరవాలేదు" అంది. పక్కన కూర్చున్న నేను ఆ రోజు నోరు విప్పలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాను.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 7.00

చర్చ పక్కదారి పట్టకుండా సాగుతున్నందుకు సంతోషం. ఒక్క విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి: చదివేవారిలో ఎవరికైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తూ ఉంటే చర్మ వైద్యుల తేదీ కోసం ఆగవద్దు. ఇంట్లో ఒక మనిషికి ఈరోజే చెప్పండి, దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్లండి. దీర్ఘకాలం దురదతో, నిద్రలేమితో ఉన్నవారిలో ఈ ఆలోచనలు అరుదు కావు, చికిత్సకు లొంగనివీ కావు.

ముసలి చర్మం | బుధవారం, సాయంత్రం 4.15

అరవై రెండేళ్ల అనుభవంతో చెబుతున్నాను, తల్లీ. "దిగులుగా ఉంది" అని మొదలుపెట్టకు. "వారంలో అయిదు రాత్రులు రెండుసార్లు లేస్తున్నాను, మొత్తం నాలుగు గంటలు నిద్రపోతున్నాను, మర్నాడు పనిలో తప్పులు చేస్తున్నాను, ఏడుస్తున్నాను" అని ఇదే వరుసలో చెప్పు. అంకెలు ముందు వెళితే ఏడుపును ఎవరూ పక్కన పెట్టరు. అది కాగితం మీద రాసుకుని వెళ్లు. వాళ్ల ముందు కూర్చోగానే మనకు అన్నీ బాగున్నట్లే అనిపిస్తుంది.

తెల్లవారుజాము | గురువారం, రాత్రి 9.10

వెళ్లి వచ్చాను. అంకెలు కాగితం మీద రాసుకుని, అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను.

లోపలికి పిలవకముందే ఒక కాగితం ఇచ్చారు, పది ప్రశ్నలు. చర్మ వ్యాధి గడిచిన వారంలో జీవితాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో కొలిచే ఈ పద్ధతి 1994 నుంచి వాడుకలో ఉందట. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 3 దాకా వేయాలి, మొత్తం 30. దురద, సిగ్గు, కొనుగోళ్లు, ఇంటి పని, బట్టలు, నలుగురిలోకి వెళ్లడం, ఆటలు, ఉద్యోగం, దగ్గరివారితో సంబంధాలు, దాంపత్యం, చివరికి చికిత్స వల్ల కలిగే ఇబ్బంది కూడా అందులో ఉన్నాయి. ఇన్నేళ్లుగా చెప్పాలా వద్దా అని నేను కొట్టుమిట్టాడుతున్నవి అచ్చు వేసిన ప్రశ్నలుగా ఎదురుగా కనబడేసరికి ఏమీ తోచలేదు. నాకు 14 వచ్చింది.

వైద్యురాలు కాగితం చూస్తూ నాలుగో ప్రశ్న దగ్గర ఆగారు. వేసుకునే బట్టల మీద చర్మం ఎంత ప్రభావం చూపిందన్న దానికి నేను 0 వేశాను. ఆమె తల ఎత్తి, "ఇంత వేడిలో మెడ దాకా గుండీలు పెట్టుకుని, పూర్తి చేతుల చొక్కా ఎందుకు వేసుకున్నారు?" అని అడిగారు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను గానీ మాట రాలేదు. పదకొండేళ్లుగా ఇవే బట్టలు కాబట్టి ఈ వారం ప్రత్యేకంగా ఇబ్బంది పడలేదని నిజంగానే అనుకున్నాను. కలం తీసుకుని 0 కొట్టేసి 3 వేశాను. అక్క పక్కనే కూర్చుని అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఒత్తిడి అన్న మాట ఆమె కూడా ఒకసారి వాడారు, నాకు ఒళ్లు బిగుసుకుంది. అయితే వెంటనే చికిత్స ఒక మెట్టు పెంచుతున్నానని, నిద్ర కుదిరితే పగటి దురదను తట్టుకునే ఓపిక కూడా పెరుగుతుందని, రెండూ ఒకేసారి నడవాలని చెప్పారు. మనస్తత్వ నిపుణుల దగ్గరికి చీటీ రాశారు. అక్కడ ఏడు వారాల తరవాత గానీ ఖాళీ లేదు. అప్పటిదాకా ఏం చేయాలో ఇంకా తెలియదు. ఈ రాత్రి నిద్ర పడుతుందనీ అనుకోవడం లేదు.

చేతితొడుగు | గురువారం, రాత్రి 9.50

మీరు రాసింది చదివి, నా పాత కాగితాల్లో అదే పది ప్రశ్నల పత్రం వెతికి తీశాను. కొనుగోళ్లకు, ఇంటి పనికి ఇబ్బంది కలిగిందా అన్న మూడో ప్రశ్నకు నేనూ 0 వేశాను. ఆ చిల్లర సంగతి జరిగిన రోజు నుంచి ఏ దుకాణంలోనూ చెయ్యి చాచలేదు, ప్రతి చెల్లింపూ ఫోనుతోనే చేస్తున్నానని ఇప్పుడు గుర్తుకొచ్చింది.